దేవునికి తెలుసు, అడుగు మాత్రం మనది
(డోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం)

జనగామలో రైలెక్కి కాజీపేట, వరంగల్, కేసముద్రం, మహబూబాబాద్ దాటితే డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భూపాలపల్లి వైపు విద్యార్థులైతే పరకాల మీదుగా బస్సులో వరంగల్ చేరి అక్కడ రైలు పట్టుకోవాలి. కొత్తగూడెం వైపు లైను విడిపోయే స్టేషన్‌గానే డోర్నకల్ మనలో చాలామందికి తెలుసు. కానీ నూరేళ్ళ కిందట ఈ చిన్న ఊరి పేరు ప్రపంచంలోని క్రైస్తవ సంఘాలన్నింటిలో వినిపించేది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఈ ఊళ్ళోనే ఉండి పని చేశారు, ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆయనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఈయన గురించి రాయడానికి ఒక కారణం ఉంది. పరీక్షల ముందు రాత్రి, ఫలితాల ముందు రాత్రి మన గదుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మనం చదివి లాభమేమిటి? కొందరు దాన్ని తలరాత అంటారు, కొందరు కిస్మత్ అంటారు, కొందరు దేవుని చిత్తం అంటారు. పేరు ఏదైనా ప్రశ్న ఒక్కటే. క్రైస్తవ మతంలో ఈ ప్రశ్న మరీ పదునుగా ఉంటుంది. దేవుడు సర్వజ్ఞుడు, రేపు జరగబోయేది ఆయనకు ఈరోజే తెలుసు. అయితే రేపు నేను చేసే పనిలో నా స్వేచ్ఛ ఎంత? పదహారు వందల ఏళ్ళుగా పెద్ద పెద్ద పండితులు దీనిపై గ్రంథాలు రాశారు. అజరయ్య గారిని మాత్రం ఎవరూ తత్వవేత్తగా గుర్తుంచుకోలేదు. ఆయన రాసిన పుస్తకాలు బాప్తిస్మం గురించి, కానుకల గురించి, పల్లె సంఘాల కోసం రాసినవి. కానీ ఈ ప్రశ్నకు ఒక జవాబు ఆయన బతుకులో, ఆయన పని చేసిన తీరులో కనిపిస్తుంది. అది మనలాంటి వాళ్ళకు బాగా పనికివచ్చే జవాబు.

బాల్యం, చదువు

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. నాడార్ కులం. మన దగ్గర గౌడన్నల మాదిరిగా తాటిచెట్లు ఎక్కి బతికిన కులం అది. ఆనాటి సమాజంలో వారికి గుడి ప్రవేశం లేదు, గౌరవం లేదు. తండ్రి థామస్ వేదనాయకం మిషన్ బడిలో చదువుకుని క్రైస్తవుడై, పల్లె సంఘానికి పాస్టరు అయ్యారు. తల్లి పేరు ఎలెన్. అజరయ్యకు పదిహేనేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. తల్లి చేతుల మీద పెరిగి, మిషన్ వాళ్ళ బోర్డింగ్ స్కూళ్ళలో ఉండి చదువుకున్నారు. అంటే ఆయన కూడా మనలాగే ఇల్లు విడిచి, పదిమందితో కలిసి తిని, పడుకుని, చదువుకున్న పిల్లవాడే.

తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. చివరి పరీక్షల సమయానికి జబ్బు చేసింది. పరీక్ష రాయలేకపోయారు, డిగ్రీ చేతికి రాలేదు. తండ్రి లేని ఇంట్లో పెద్ద ఆశగా పెంచుకున్న కొడుకు పట్టా లేకుండా బయటికి వచ్చాడంటే ఆ తల్లికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. ఆయన కథ అక్కడే ముగిసిపోవచ్చు, రాసిపెట్టి లేదు అనుకుని ఊరికి పోయి కూర్చోవచ్చు. కానీ ఆయన 1895లో వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగంలో చేరి, దక్షిణ భారతమంతా తిరిగి యువకుల మధ్య పని చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆ కాలంలో దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన మొదటితరం క్రైస్తవ మహిళల్లో ఆమె ఒకరు. తర్వాత డోర్నకల్లో భర్త చేసిన ప్రతి పనిలోనూ ఆమె చేయి ఉంది. పట్టా లేకుండా కాలేజీ విడిచిన ఆ విద్యార్థికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇతరులను పొమ్మన్నవాడు తానే బయలుదేరాడు

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమవారినే సేవకు పంపుతున్నారు. తమ ఊరి సంఘాలు మాత్రం ఇంకా తెల్లదొరల డబ్బు మీద, తెల్లదొరల మాట మీద నడుస్తున్నాయి. ఆ తేడా ఆయన మనసులో గుచ్చుకుంది. తిరిగి వచ్చి మిత్రులతో కలిసి 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో దేశం మొత్తానికీ అలాంటిదే నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ ఆయన ముందున్నారు.

తిరునల్వేలి సొసైటీ తన పని కోసం ఎంచుకున్న చోటు మన ప్రాంతమే. నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలు. మానుకోట అంటే నేటి మహబూబాబాద్. అక్కడికి పోయి పని చేయమని అజరయ్య యువకులను అడిగేవారు. అడిగి అడిగి చివరికి ఆ ప్రశ్న తనకే తగిలింది. ఇతరులను పొమ్మంటున్న నేను ఎందుకు పోకూడదు? మంచి పేరు, స్థిరమైన ఉద్యోగం, సొంత భాష ఉన్న నేల, అన్నీ వదులుకోవాలి. ఎవరూ బలవంతం చేయలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు. మొదట్లో ఉండడానికి ఇల్లు లేదు, డేరాలో ఉన్నారు. చుట్టూ అడవి. తమిళం మాతృభాష అయిన మనిషి ఆ వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్ది, తెలుగులో ప్రసంగించే స్థాయికి వచ్చారు.

1910లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్ళు గట్టిగా ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో అజరయ్య లేచి, తెల్ల మిషనరీలు భారతీయులను పనివాళ్ళుగా చూస్తున్నారే కానీ స్నేహితులుగా చూడడం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. మీ త్యాగాలు, మీ దానాలు చాలు, మాకు మీ స్నేహం కావాలి అన్న అర్థంతో ముగించారు. సభలో చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆ ప్రసంగాన్ని ఈనాటికీ గుర్తు చేసుకుంటారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ ఆయన పేరును ముందుకు తెచ్చారు. ఒక భారతీయుడు బిషప్ ఏమిటని దొరలలో కొందరు, సాటి భారతీయులలోనూ కొందరు వ్యతిరేకించారు. ఆయన వాదనకు దిగలేదు, డోర్నకల్ తిరిగి వచ్చి ఎడ్లబండి కట్టించుకుని పల్లెలకు బయలుదేరారు.

వాడల్లో ఎదురైన ప్రశ్న

అప్పటి పల్లెలు ఎలా ఉండేవో మన తాతలు చెప్పగా విన్నాం. దొరల గడీలు, వెట్టిచాకిరి, ఊరికి దూరంగా మాలవాడ, మాదిగవాడ. బావి దగ్గరికి రాకూడదు, గుడిలో అడుగుపెట్టకూడదు, బడి ముఖం చూడకూడదు. ఇదంతా ఎందుకు అని అడిగితే పెద్దల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. పోయిన జన్మలో చేసుకున్న పాపం, నుదుటి రాత, అనుభవించక తప్పదు. దెబ్బ కొట్టేవాడు కూడా ఆ మాటే చెప్పేవాడు, దెబ్బ తినేవాడు కూడా ఆ మాటే నమ్మేవాడు. తరాల తరబడి విన్న మాట కాబట్టి అది చర్మంలో ఇంకిపోయింది.

అజరయ్య పని ఎక్కువగా ఈ వాడల్లోనే సాగింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నుదుటి రాత అబద్ధమని చెప్పి, దాని స్థానంలో అన్నీ ముందే తెలిసిన దేవుణ్ణి తెచ్చి పెడితే పేదవాడికి ఒరిగేదేమిటి? రాత పేరు మారిందే గాని సంకెల అదే కదా? నీ బానిసత్వం దేవునికి ముందే తెలుసు, కాబట్టి అది ఆయన ఇష్టమే అని ఏ దొరైనా అనవచ్చు. కాబట్టి దేవుని ముందెరుకకూ మనిషి స్వేచ్ఛకూ పొత్తు ఎలా కుదురుతుందో క్రైస్తవ ఆలోచనాపరులు ఏం చెప్పారో కొంచెం చూద్దాం.

ముందెరుక వేరు, బలవంతం వేరు

చిక్కుముడిని ఇలా చెప్పుకోవచ్చు. దేవునికి తెలిసింది పొరపాటు కాదు. రేపు నేను చేసే పని దేవునికి తెలుసు. కాబట్టి రేపు నేను ఆ పని చేయక తప్పదు. తప్పనిసరిగా చేసిన పనిలో మంచికి మెప్పు ఎందుకు, చెడుకు శిక్ష ఎందుకు?

ఈ ప్రశ్నకు బైబిల్లో ఒక కథ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. యేసును పట్టుకునే రాత్రి, కోడి కూసేలోపు మూడుసార్లు నన్ను ఎరగనంటావని ఆయన పేతురుకు ముందే చెప్పాడు. చచ్చినా అలా అననని పేతురు ఒట్టు పెట్టాడు. తెల్లవారేలోపు భయపడి మూడుసార్లూ ఎరగననే అన్నాడు. తర్వాత బయటికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో తన నోటితో బలవంతంగా అనిపించి ఉంటే పేతురు ఏడవవలసిన పని లేదు. ఆ మాట తనదేనని, భయం తనదేనని అతనికి తెలుసు. యేసుకు ముందే తెలిసి ఉండడం ఆ తప్పును యేసు తప్పుగా మార్చలేదు.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన అగస్టీన్ (క్రీ.శ. 354-430) ఈ విషయాన్ని బాగా విడమరిచాడు. నిన్న జరిగింది నాకు గుర్తుంది. నా జ్ఞాపకం నిన్నటి పనిని బలవంతం చేసిందా? లేదు. అలాగే రేపటి పని దేవునికి తెలిసి ఉండడం ఆ పనిని బలవంతం చేయదు. పైగా దేవునికి తెలిసింది ఏమిటి? నేను నా ఇష్టంతో ఆ పని చేస్తానన్నదే ఆయనకు తెలుసు. ఆయన ఎరుకలో నా ఇష్టం కూడా ఉంది. కాబట్టి ఆ ఎరుక నా ఇష్టాన్ని తుడిచిపెట్టదు. అదే అగస్టీన్ ముసలితనంలో మనిషి సొంత శక్తి కంటే దేవుని కృపకే ఎక్కువ చోటు ఇచ్చాడు. ఆ తర్వాతి వాదాలన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

అతని తర్వాత సుమారు వందేళ్ళకు రోము నగరంలో బొయీథియస్ అనే పండితుడు ఉండేవాడు. పెద్ద పదవిలో ఉండగా రాజద్రోహం నేరం మోపి చెరసాలలో వేశారు, చివరికి మరణశిక్ష అమలు చేశారు. చావు కోసం ఎదురు చూస్తూ అతను రాసిన పుస్తకంలో చివరి భాగం ఈ ప్రశ్న మీదే. అతని జవాబును మన ఊరి మాటల్లో చెప్పుకుందాం. బాటలో నడిచేవాడికి వెనక ఒకటి, ముందు ఒకటి. మలుపు తిరిగితే గాని అవతల ఏముందో తెలియదు. గుట్ట మీద నిలబడ్డవాడికి బాటంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఎడ్లబండి ఎటు తిరుగుతున్నదో అతను చూస్తున్నాడు. కానీ పగ్గాలు అతని చేతిలో లేవు, బండి నడిపేవాడి చేతిలో ఉన్నాయి. దేవుడు కాలం అనే బాట మీద లేడు. నిన్న, నేడు, రేపు ఆయనకు ఒక్క చూపు. అందుకే ఆయనది ముందుగా చూడడం కాదు, ఉన్నదాన్ని చూడడం. ఒకడు నడుస్తున్నాడని నేను చూస్తే వాడు నడుస్తున్న మాట నిజమే, కానీ నా చూపు వాణ్ణి నడిపించలేదు.

మరి రాసి ఉంటే చదవకున్నా పాసవుతాను, రాసి లేకుంటే చదివినా ఫెయిలవుతాను అనే వాదం సంగతేమిటి? మన హాస్టళ్ళలో ఇది చాలా పాత జోకు. ఇందులో మోసం ఎక్కడుందంటే, ఫలితం ఒక్కటే ముందే తెలిసినట్టు, చదువు మాత్రం దానికి సంబంధం లేనట్టు మాట్లాడతాం. దేవునికి ఫలితం తెలిస్తే దానికి దారి తీసిన స్టడీ అవర్లు కూడా తెలుసు. విత్తనం వేయకుండా పంట పండుతుందని ఆయనకు తెలిసి ఉండడు, ఎందుకంటే అలా పండదు కాబట్టి. కారణాన్ని తీసేసి ఫలితాన్ని మాత్రం అడగడం బద్ధకస్తుడి లెక్క.

ఇంతటితో వాదం తెగిపోయిందని అనుకోవద్దు. 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్, రక్షణ పొందేవారిని దేవుడు కేవలం తెలుసుకోవడమే కాదు, ముందే నిర్ణయించాడు కూడా అని బోధించాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ దాన్ని గట్టిగా ఎదిరించి, దేవుడు ప్రతి మనిషికీ స్పందించే శక్తిని ఇస్తాడని, తీసుకోవడమో తోసేయడమో మనిషి చేతిలో ఉందని చెప్పాడు. ఇద్దరి అనుచరులూ ఈనాటికీ ఉన్నారు. అయితే ఒక్క విషయంలో ఇద్దరికీ తేడా లేదు. దేవుని మనసులో ఏముందో చదివి, ఫలానా మనిషి ఇంతే అని తీర్పు చెప్పే అధికారం ఏ మనిషికీ లేదు. ముందెరుక దేవునిది. అది దొరది కాదు, పూజారిది కాదు, పాస్టరుది కాదు, చివరికి నాది కూడా కాదు. అజరయ్య డోర్నకల్ పల్లెల్లో చేసిన పనిని ఈ మాట దగ్గర పెట్టుకుని చూస్తే బాగా అర్థమవుతుంది.

ఎవరి మాట వాళ్ళే చెప్పాలి

ఆ రోజుల్లో వాడకు వాడ కదిలి క్రైస్తవంలోకి వచ్చేవారు. కులపెద్ద ఒప్పుకుంటే అందరూ వచ్చేవారు. అది మన పల్లె పద్ధతి. అజరయ్య ఆ పద్ధతిని కాదనలేదు. కానీ పల్లె టీచర్లను పెట్టి, పగలంతా కూలి చేసి వచ్చినవారికి రాత్రిళ్ళు పాఠాలు చెప్పించేవారు. ఆంగ్లికన్ బాప్తిస్మ విధిలో ప్రశ్న మనిషి మనిషికీ వేస్తారు. చెడును విడిచిపెడతావా, నమ్ముతావా అని అడిగితే ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి. తరతరాలుగా ఆజ్ఞ వినడమే తప్ప అభిప్రాయం చెప్పే అవకాశం లేని మనిషిని, నీ ఇష్టం ఏమిటని ఒకరు నిలబెట్టి అడగడం చిన్న విషయం కాదు. వెట్టి చేసే ముసలాయనకు, కూలికి పోయే తల్లికి బహుశా జీవితంలో మొదటిసారి ఎదురైన ప్రశ్న అది.

అప్పు, తాగుడు, మురికి, రోగం, ఈ నాలుగూ వాడలను పట్టి పీడించే దయ్యాలని ఆయన చెప్పేవారు. ఇవి ఏ జన్మలోనో చేసిన పాపం వల్ల వచ్చినవి కావు, మనం నిర్ణయించుకుంటే వదిలించుకోగలిగినవి అని ఆయన పని చెప్పింది. సహకార సంఘాలు, వైద్యశాలలు, బడులు, ముద్రణాలయం వచ్చాయి. మాల, మాదిగ అనే తేడాను సంఘంలోకి రానివ్వకూడదని పట్టుబట్టారు. ప్రభువు బల్ల దగ్గర అందరూ ఒక్క గిన్నెలోనే తాగాలి. ఈ మాట చెప్పడం సులువు, ఆచరణ చాలా కష్టమైంది. ఈనాటికీ ఆ తేడా పూర్తిగా పోలేదని మనందరికీ తెలుసు. మనుషులకు స్వేచ్ఛ ఉందంటే తప్పు దారి పట్టే స్వేచ్ఛ కూడా ఉన్నట్టే కదా.

బియ్యం కోసం మతం మారారని పేదలను ఎగతాళి చేసేవారు ఆనాడూ ఉన్నారు. డోర్నకల్ సంఘాల్లో మాత్రం తల్లులు వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. వారం చివర దాన్ని గుడికి తెచ్చేవారు. ఆ పిడికెడు బియ్యంతో పల్లె టీచర్ల జీతాలకు ఆసరా దొరికేది. తీసుకునేవాడికి ఎంపిక తక్కువ, ఇచ్చేవాడికి ఎంపిక ఎక్కువ. పూటకు గతి లేని తల్లి కూడా ఇవ్వగలదని, ఇస్తే ఆమె తల ఎత్తుకుని నిలబడుతుందని అజరయ్య నమ్మారు. క్రైస్తవ దాతృత్వం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

గాంధీజీతో భేదం, అంబేడ్కర్ ప్రశ్న

1930లలో హరిజనుల మతమార్పిడి మీద గాంధీజీ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. చదువు లేని పేదలకు మతాల మంచిచెడులు తూచే శక్తి లేదని, ఆశ చూపి వారిని మారుస్తున్నారని ఆయన వాదన. ఆశ చూపేవారు అసలు లేరని అనలేం, కాబట్టి గాంధీజీ భయం పూర్తిగా నిరాధారం కాదు. కానీ అజరయ్యకు ఈ వాదనలో ఒక పెద్ద లోపం కనిపించింది. చదువు రాకపోతే మనసు లేనట్టా? పొలం ఎప్పుడు దున్నాలో, బిడ్డను ఎవరికివ్వాలో నిర్ణయించగల మనిషి, దేవుని గురించి నిర్ణయించలేడా? వాడల మనుషులకు ఆత్మ ఉంది, ఆలోచన ఉంది, ఎంచుకునే హక్కు ఉంది అన్నదే ఆయన పక్షం. అదే సమయంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని, దేశ ప్రజలతో కలిసే ఉండాలని కూడా ఆయన వాదించారు. ఇద్దరూ దేశభక్తులే, ఇద్దరూ దేవుణ్ణి నమ్మినవారే. భేదమంతా పేదవాడి ఇష్టానికి ఎంత విలువ ఇవ్వాలన్న దగ్గర వచ్చింది.

1935 అక్టోబరులో యేవలాలో డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. పుట్టుక తన చేతిలో లేదు, మరణం నాటికి ఏ మతంలో ఉండాలన్నది తన చేతిలో ఉంది అన్నది ఆ ప్రకటన సారం. మన చర్చకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉండదు. ఆ తర్వాత అంబేడ్కర్ అజరయ్యను, మా వాళ్ళంతా క్రైస్తవులైతే దేశమంతటా ఒక్క సంఘంగా ఉండగలమా, లేక మీ రకరకాల మిషన్ల మధ్య చీలిపోతామా అన్న అర్థంలో అడిగారని, ఆ ప్రశ్నకు అజరయ్య దగ్గర జవాబు లేకపోయిందని చెబుతారు. ఆయనకు అది జీవితాంతం బాధ.

చూడని రోజు కోసం

నిజానికి ఆ చీలికలను మాన్పే పని ఆయన అప్పటికే మొదలుపెట్టి ఉన్నారు. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాల పాస్టర్లు సమావేశమై ఐక్యత కోసం ఒక ప్రకటన చేశారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. అజరయ్య అందులో ముఖ్యులు. అప్పటి నుంచి చర్చలు పాతికేళ్ళకు పైగా నడిచాయి. ఒక పక్క ఆంగ్లికన్లు, ఇంకో పక్క కాల్విన్ సంప్రదాయం నుంచి వచ్చిన దక్షిణ భారత ఐక్య సంఘం, మరో పక్క వెస్లీ అనుచరులైన మెథడిస్టులు. వాదం ఎక్కువగా బిషప్ పదవి గురించి నడిచింది. దేవుని నిర్ణయం, మనిషి స్వేచ్ఛ అనే విషయంలో కాల్విన్, వెస్లీల వారసులు పూర్తిగా ఏకమైన తర్వాతే కలుద్దామని ఆగి ఉంటే ఈనాటికీ కలిసేవారు కాదు. తెగని ప్రశ్నను మధ్యలో పెట్టుకుని కూడా ఒకే చాప మీద కూర్చోవచ్చని వారు చూపించారు.

డోర్నకల్లో ఎపిఫనీ కెథెడ్రల్ కూడా అలాంటి ఓపికతోనే లేచింది. దాదాపు పాతికేళ్ళు ఆగుతూ సాగుతూ కట్టిన ఆ గుడికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలను తలపించే స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు అన్నీ అందులో ఉన్నాయి. పిడికెడు బియ్యం ఇచ్చిన చేతుల కానుకలు ఆ గోడల్లో ఉన్నాయి. మన ప్రాంత విద్యార్థులు ఏ మతం వారైనా ఒక్కసారి చూడవలసిన కట్టడం.

32 ఏళ్ళు బిషప్‌గా పని చేసిన అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్లో కన్నుమూశారు. అప్పటికి ఆయన మండలంలో క్రైస్తవులు రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఆయన కలలుగన్న ఐక్య సంఘం, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆయన పోయిన రెండేళ్ళ తొమ్మిది నెలలకు. అది వస్తుందో రాదో ఆయనకు తెలియదు. దేవునికి తెలిసి ఉండవచ్చు, కానీ ఆయనకు చెప్పలేదు. అయినా చివరిదాకా ఉత్తరాలు రాశారు, రైళ్ళెక్కారు, సభల్లో కూర్చున్నారు.

మనకు మిగిలింది

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన హాస్టళ్ళలో అన్ని మతాల పిల్లలు ఉన్నారు. ఏ మతమూ లేనివారు కూడా ఉన్నారు. ఈ వ్యాసం ఎవరినీ ఏ మతంలోకీ పిలవడానికి రాసింది కాదు. కానీ నీ రాత ఇంతే అన్న మాట మనందరి చెవిలోనూ ఎప్పుడో ఒకప్పుడు పడింది. ఇంటర్ ఫెయిలైనప్పుడు చుట్టాలు అన్నారు. ఆడపిల్ల పై చదువు చదువుతానంటే ఊరివాళ్ళు అన్నారు. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, రాత్రిపూట దుప్పటి కప్పుకుని మనకు మనమే అనుకున్నాం.

ఆ మాట అన్నవాళ్ళంతా తమకు లేని జ్ఞానాన్ని ఉన్నట్టు నటిస్తున్నారు. రేపు ఏమవుతుందో తెలిసినవాడు ఉంటే దేవుడు ఒక్కడే. ఆయన ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. గుట్ట మీది నుంచి చూసేవాడు వేరు, పగ్గాలు పట్టినవాడు వేరు. వాడల్లో పుట్టినవారి చేతుల్లో కూడా పగ్గాలున్నాయని నమ్మి, వారిని ఒక్కొక్కరినే నీ ఇష్టమేమిటని అడిగిన పెద్దమనిషి మన డోర్నకల్లో ఉండేవాడు. పట్టా రాని రోజున ఆగిపోని మనిషి, తెలియని భాష నేర్చుకున్న మనిషి, తాను చూడలేని రోజు కోసం పాతికేళ్ళు పని చేసిన మనిషి ఆయన.

రేపటి ఫలితం దేవునికి వదిలేద్దాం. ఈ రాత్రి స్టడీ అవర్ మాత్రం మనదే.